మీ వీపుకు కట్టుకున్న ఉస్తాద్ ఎవరు?

మా ఖాందాన్ వాట్సప్ గ్రూపులో పది రోజులుగా జంగ్ నడుస్తోంది. డాలస్‌లో చదువుకుంటున్న మా ఆపా కూతురు, సెమిస్టర్ అయిపోయాక స్నేహితులతో కలిసి విమానంలోంచి దూకుతానంది. ఒంటరిగా కాదు. ఉస్తాద్‌తో కలిపి పట్టీలతో కట్టి దూకించే టాండెమ్ స్కైడైవింగ్. నిజామాబాద్ నుంచి తాయాజాన్ వెంటనే వాయిస్ మెసేజ్ పెట్టారు: "ఇది ఖుద్‌కుషీ. హరామ్ మౌత్." దుబాయ్‌లో ఉండే మా తమ్ముడి కొడుకు తను పామ్ జుమేరా మీద దూకిన వీడియో పెట్టి, "ఏం కాదు దాదా! రోడ్డు మీద కారులో పోవడం కన్నా ఇదే సేఫ్" అని జవాబిచ్చాడు. అంతే, ఇద్దరి వెనకా చెరో జమాత్ తయారైంది.

నన్ను ఏ జమాత్‌లో ఉన్నావని అడుగుతున్నారు. ఏ జమాత్‌లోనూ లేను. ఇద్దరూ చెబుతున్నది ఝూట్. ఒకరు ఫికర్‌తో చెబుతున్నారు, ఒకరు జోష్‌తో చెబుతున్నారు. గల్ఫ్‌లోనూ అమెరికాలోనూ పిల్లలున్న ఇళ్లు మనలో ఎన్నో. ఈ మసలా రేపు మీ ఇంటికీ వస్తుంది. అందుకే గ్రూపులో కాకుండా ఇక్కడ రాస్తున్నాను.

ముందు హిసాబ్ చూద్దాం. నేను ఉర్దూ మీడియం బడిలో చదివినవాడిని. లెక్కల పీరియడ్‌ని మేము హిసాబ్ అనేవాళ్లం. ఆ బడిలో నేర్చుకున్న భాగహారం చాలు దీనికి.

అమెరికాలో పారాచూట్ జంపులు చేసేవాళ్ల సంఘం పేరు యూఎస్‌పీఏ. దాని లెక్క ప్రకారం 2023లో ఆ దేశంలో సుమారు 36.5 లక్షల జంపులు జరిగాయి. 10 మంది చనిపోయారు. ఇది అన్ని రకాల జంపులూ కలిపిన లెక్క. ఒంటరిగా వందలసార్లు దూకిన వాళ్లు, చిన్న పారాచూట్‌తో వేగంగా దిగే షౌకీన్లు కూడా ఇందులో ఉన్నారు. టాండెమ్ విషయానికొస్తే, పదేళ్ల సగటు తీసి ఆ సంఘమే చెప్పే మాట ఇది: 5 లక్షల జంపులకు ఒక విద్యార్థి మరణం. అంటే పది లక్షల మంది దూకితే ఇద్దరు.

తాయాజాన్, పది లక్షలకు ఇద్దరు చనిపోయే పనిని ఖుద్‌కుషీ అంటే, 2022లో మన దేశం రోడ్ల మీద చనిపోయిన 1,68,491 మందిని ఏమనాలి? రోజుకు 460 మందికి పైగా. జుమా నమాజుకు హెల్మెట్ లేకుండా, ముందు ఒక పిల్లాడిని, వెనక ఇద్దరిని ఎక్కించుకుని బండి మీద పోయే అబ్బాజాన్‌లు మన ప్రతి గల్లీలో ఉన్నారు. వాళ్లను ఎవరూ హరామ్ మౌత్ అని బెదిరించరు. ఎందుకంటే ఆ ఖత్రా మనకు అలవాటైపోయింది. కొత్త ఖత్రా కనిపిస్తేనే మనకు ఫత్వాలు గుర్తుకొస్తాయి. అదీ కూతురు అడిగితే ఇంకా తొందరగా గుర్తుకొస్తాయి. దుబాయ్‌లో కొడుకు దూకితే "క్యా హౌసలా హై" అని వీడియో పది మందికి పంపారు. డాలస్‌లో కూతురు దూకుతానంటే ఖుద్‌కుషీ అయింది. ఖత్రా ఆడపిల్లకు ఒక రేటు, మగపిల్లాడికి ఒక రేటు ఉండదు. నేల ఇద్దరికీ ఒకేలా తగులుతుంది.

ఇక రెండో జమాత్. "కారులో పోవడం కన్నా సేఫ్" అనే ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది? జంపులు అమ్మేవాళ్ల ప్రచారం నుంచి. దూకి వచ్చిన ప్రతివాడూ దాన్నే తిప్పి చెబుతాడు. ఒక్కడూ భాగహారం చేయడు. 2023లో అమెరికా రోడ్ల మీద వాహనాలు తిరిగిన ప్రతి పది కోట్ల మైళ్లకు సుమారు 1.26 మంది చనిపోయారు. జంపు జరిగే చోటుకు మీ ఇంటి నుంచి పోను రాను వంద మైళ్లనుకోండి. ఆ ప్రయాణం పది లక్షల మంది చేస్తే 1.26 మరణాలు. జంపు పది లక్షల మంది చేస్తే 2. ముతక లెక్కే, ఒప్పుకుంటాను. అయినా ఆ వంద మైళ్ల కారు ప్రయాణం కన్నా జంపే కాస్త ఎక్కువ ఖతర్నాక్ అని తేలింది. 160 మైళ్లు దాటితే గానీ కారు దాన్ని మించదు. కారు ప్రయాణానికి అవసరం ఉంటుంది. జంపు షౌక్. అవసరానికి పెట్టే జాన్‌కీ, షౌక్‌కు పెట్టే జాన్‌కీ ఒకే తక్కెడ పెట్టడం అమ్మేవాడి తెలివి. కొనేవాడు ఆ మాట మోయనక్కర్లేదు.

కానీ నా అసలు జగడా ఈ రెండు జమాత్‌లతో కాదు. "పది లక్షలకు ఇద్దరు" అన్న ఆ సగటుతోనే.

సగటు దేగ్ లాంటిది. బిర్యానీ దేగ్ మొత్తం మీద బాగా కుదిరి ఉండొచ్చు. మీ పళ్లెంలోకి వచ్చింది అడుగు మాడిన చోటు నుంచి అయితే ఆ సగటు మీకేం పనికొస్తుంది? పద్ధతిగా నడిపే చోటూ, బేఫికర్‌గా నడిపే చోటూ కలిపి తీసిన సగటు అది. మీరు దూకేది మాత్రం ఒకే ఒక చోట, ఒకే ఒక ఉస్తాద్‌తో, ఒకే ఒక మూటలో చుట్టిన పారాచూట్‌తో.

టాండెమ్‌లో జరిగేదేమిటో తెలిస్తే నా మాట అర్థమవుతుంది. సుమారు 13,000 అడుగుల ఎత్తులో ఇద్దరూ బయటికి దూకుతారు. మీరు ముందు, ఉస్తాద్ మీ వీపు వెనక. భుజాల దగ్గర రెండు, నడుము దగ్గర రెండు, నాలుగు కొక్కీలు మీ ఇద్దరినీ కలుపుతాయి. ఇద్దరి బరువుకు వేగం మరీ పెరగకుండా ఒక చిన్న పారాచూట్ వెనక లాగుతూ ఉంటుంది. అయినా గంటకు 190 కిలోమీటర్లకు పైనే. నిమిషం లోపు అలా పడ్డాక, 5,000 అడుగుల పైచిలుకు ఎత్తులో ఉస్తాద్ పెద్ద పారాచూట్ తెరుస్తాడు. అది సరిగా రాకపోతే దాన్ని వదిలించి రెండో పారాచూట్ తెరుస్తాడు. అతను స్పృహ తప్పినా, ఏమీ చేయలేకపోయినా, సుమారు 1,900 అడుగుల దగ్గర ఒక చిన్న యంత్రం వేగం చూసి, దానంతట అదే రెండో పారాచూట్ విప్పుతుంది. అయితే ఆ యంత్రం చిక్కుపడిన మొదటి పారాచూట్‌ను కోసి వదిలించదు. అది మనిషి చేతి పని.

ఇందులో మీరు చేసేదేమైనా ఉందా? కాళ్లు మడవడం, కాళ్లు ఎత్తడం. తలుపు దాటాక మీ ఇఖ్తియార్ ఏమీ లేదు. ఉన్న ఇఖ్తియార్ అంతా నేల మీద ఉన్నప్పుడే, విమానం ఎక్కక ముందే. ఆ కాస్త సమయాన్ని మన పిల్లలు దేనికి వాడుతున్నారు? సెల్ఫీకి. వీడియో ప్యాకేజీ ఎంతో బేరమాడటానికి.

కాలిఫోర్నియాలోని లోడై దగ్గర ఒక పారాచూట్ కేంద్రంలో 2016 ఆగస్టు 6న ఏం జరిగిందో చదవండి. అప్పుడే బడి చదువు పూర్తి చేసిన 18 ఏళ్ల అబ్బాయి మొదటిసారి టాండెమ్ దూకాడు. పారాచూట్ సరిగా విచ్చుకోలేదు. అబ్బాయీ చనిపోయాడు, 25 ఏళ్ల ఉస్తాదూ చనిపోయాడు. తహ్‌కీఖాత్‌లో బయటపడిందేమిటి? ఆ ఉస్తాద్‌కు టాండెమ్ చేయించడానికి సరైన సర్టిఫికెట్ లేదు. అతనికి శిక్షణ ఇచ్చినవాడి అధికారమే అప్పటికి సస్పెండై ఉంది. అయినా శిక్షణ ఇస్తూనే ఉన్నాడు, ఫీజు తీసుకుంటూనే ఉన్నాడు. తర్వాత ఫెడరల్ కోర్టు ఆ మోసానికి అతనికి రెండేళ్ల జైలు వేసింది. అబ్బాయి తల్లిదండ్రులకు 4 కోట్ల డాలర్లు కట్టమని 2021లో మరో కోర్టు కేంద్రం యజమానికి హుకుం ఇచ్చింది. ఆ డబ్బుతో ఏ అమ్మీకి బేటా తిరిగొస్తాడు?

చనిపోయిన ఆ ఉస్తాద్ మీద నాకు కోపం లేదు. తను సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టిన షాగిర్డ్. అతన్నీ ఎవరో మోసం చేశారు. నేను చెప్పేది, ఆ అబ్బాయికి "పది లక్షలకు ఇద్దరు" అన్న లెక్క వర్తించలేదని. అతని పళ్లెంలోకి మాడిన అడుగే వచ్చింది.

"అమెరికాలో అంతా ప్రభుత్వం చూసుకుంటుంది" అనుకునే అమ్మీ అబ్బాలు ఒకటి తెలుసుకోవాలి. అక్కడ విమానాల శాఖ ఎఫ్ఏఏకు రూల్స్ ఉన్నాయి. టాండెమ్ ఉస్తాద్‌కు కనీసం మూడేళ్ల అనుభవం, 500 జంపులు ఉండాలి. ఆ పరికరం మీద ప్రత్యేక శిక్షణ ఉండాలి. రెండో పారాచూట్‌ను సర్టిఫికెట్ ఉన్న మనిషే మడవాలి, 180 రోజులకోసారి మళ్లీ మడవాలి. తనంతట తాను విప్పే యంత్రం తప్పనిసరి. విమానం ఎక్కే ముందే కొత్తవాళ్లకు ఖత్రా వస్తే ఏం చేయాలో చెప్పడం కూడా రూలే. కానీ జంపులు నడిపే కేంద్రానికే లైసెన్సు ఇచ్చే పద్ధతి ఎఫ్ఏఏకు లేదు. యూఎస్‌పీఏలో చేరడం కేంద్రాల ఇష్టం. చేరితే దాని రూల్స్ పాటిస్తామని మాట ఇచ్చినట్టు. చేరకపోయినా దుకాణం నడుస్తుంది. కాబట్టి అడిగే జిమ్మేదారి కొనేవాళ్ల మీదే పడుతుంది.

అడగడానికి సిగ్గెందుకు? పెళ్లి సంబంధం వస్తే అబ్బాయి ఏ కంపెనీ, జీతమెంత, ముత్తాత ఏ ఊరు అని తహ్‌కీఖాత్ చేసే ఖౌమ్ మనది. ఏడెనిమిది నిమిషాల పాటు మీ జాన్ అమానత్‌గా ఇచ్చే మనిషిని నాలుగు సవాళ్లు అడగలేరా? మీకు టాండెమ్ సర్టిఫికెట్ ఎవరిచ్చారు, ఇప్పుడు చెల్లుతుందా? ఎన్ని టాండెమ్ జంపులు చేశారు? రెండో పారాచూట్ ఎప్పుడు మడిచారు, ఆ కార్డు చూపిస్తారా? ఈ రోజు గాలి ఎలా ఉంది, ఎంత గాలి వస్తే ఆపేస్తారు? ఈ నాలుగింటికీ మంచి ఉస్తాద్ ఖుషీగా జవాబిస్తాడు. మొహం చిట్లించుకున్నాడంటే అదే మీ జవాబు. డబ్బు పోతే పోయింది, ఇంటికి రండి.

ఇప్పుడు మన ఇళ్లలో ఎవరూ నోరెత్తి చెప్పని మాట. పట్టీల మాట.

2024 ఫిబ్రవరిలో హిమాచల్‌లోని కుల్లు దగ్గర డోభీలో మన తెలంగాణ నుంచి వెళ్లిన 26 ఏళ్ల అమ్మాయి టాండెమ్ పారాగ్లైడింగ్‌లో కింద పడి చనిపోయింది. పారాగ్లైడింగ్ వేరు, స్కైడైవింగ్ వేరు. అక్కడ కొండ మీద నుంచి తెరిచిన రెక్కతో ఎగురుతారు, ఇక్కడ విమానంలోంచి దూకుతారు. కానీ రెండింటిలోనూ మనిషిని పట్టి ఉంచేది పట్టీలే. అక్కడి పైలట్‌కు రిజిస్ట్రేషన్ ఉంది, పరికరాలకు అనుమతి ఉంది అని అధికారులే చెప్పారు. ఆమె బెల్టు సరిగా ఉందో లేదో అతను చూడలేదని కూడా వాళ్లే చెప్పారు. కాగజ్‌లన్నీ సరిగా ఉండి, చేయి ఒక్క పట్టీ దగ్గరికి పోకపోతే ఏమవుతుందో చూడండి.

కాలిఫోర్నియాలోనే 80 ఏళ్ల ఒక నానీమా వీడియో 2012లో దునియా అంతా చూసింది. గాలిలో ఆమె పట్టీల్లోంచి దాదాపు జారిపోయింది. ఉస్తాద్ ఆమెను పట్టుకుని దింపాడు, అల్హందులిల్లాహ్ బతికింది. పట్టీ భుజాల దగ్గర బిగుతుగా ఉంటే చాలదు. తొడల చుట్టూ, నడుము చుట్టూ బిగుతుగా ఉండాలి. మనిషి కిందికి వేలాడి కాళ్లు మడిచినప్పుడు జారేది అక్కడి నుంచే.

ఇక్కడే మన అమ్మాయిలకు ఒక ప్రత్యేక ఖత్రా ఉంది. నా-మహ్రమ్ మనిషి చేతులతో తొడల దగ్గర పట్టీ బిగిస్తుంటే సిగ్గుపడి "చాలు చాలు" అంటారు. అతను కూడా మొహమాటపడి వదిలేస్తాడు. పరాయి మగవాడితో కట్టుకుని దూకవచ్చా అన్న మసలా ఉలమాలది, నేను దాని జోలికి పోను. కానీ దూకాలని నిశ్చయించుకున్నాక హయా పేరుతో పట్టీ వదులు చేయించుకోవడం హయా కాదు, జాన్ మీదికి తెచ్చుకోవడం. ముందుగానే ఫోన్ చేసి ఆడ ఉస్తాద్ ఉందా అని అడగండి. ఉంటే ఆమె దొరికే రోజునే పెట్టుకోండి. లేకపోతే పట్టీలు బిగించడానికి అక్కడ పనిచేసే ఆడమనిషి సాయం అడగండి, ఉస్తాద్ చివరిసారి సరిచూస్తాడు. దుపట్టా, వదులు బురఖా వద్దు. విప్పే పిడులకు గుడ్డ చుట్టుకుంటే ఇద్దరికీ ఖత్రా. పిన్నులు లేకుండా తలకు గట్టిగా అతుక్కునే స్కార్ఫ్, పైన వాళ్లిచ్చే నిండు డ్రెస్. పర్దా కూడా దక్కుతుంది, పిడీ చేతికందుతుంది.

ఒంటి సంగతి. ఆస్తమా, ఫిట్స్, గుండె జబ్బు, వెన్ను నొప్పి, గర్భం, ఇవి దాచి దూకేవాళ్లున్నారు. ఎందుకు దాస్తారు? ఇంట్లో తెలియకుండా వెళ్లారు గనక, ఇంటి డాక్టర్‌ను అడగలేరు గనక. జలుబు ఉంటే ఆ రోజు మానేయండి, ఎత్తు తగ్గేటప్పుడు చెవి, ముక్కు దగ్గర భరించలేనంత నొప్పి పుడుతుంది. రోజాలో దూకకండి. ఖాళీ కడుపు, నీళ్లు లేని ఒళ్లు, తొడలను నొక్కే పట్టీలు మూడూ కలిస్తే కళ్లు తిరుగుతాయి. షుగర్ ఉన్నవాళ్లకు మరీ. బరువు పరిమితి ప్రతిచోటా ఉంటుంది, ఐదు కిలోలు తగ్గించి చెప్పడం పెళ్లి బయోడేటాలో చెల్లుతుందేమో, పారాచూట్ దగ్గర చెల్లదు. టాండెమ్‌లో దెబ్బలు ఎక్కువగా తగిలేది దిగేటప్పుడు. చీలమండ, నడుము కింది ఎముక. "కాళ్లు ఎత్తు" అన్నప్పుడు ఎత్తి పట్టుకోవాలి. నేల మీద కూర్చుని ముందే పదిసార్లు ఎత్తి చూడండి. ఎత్తలేకపోతే ఆ జంపు మీది కాదు.

ఖత్రా దూకాక మొదలవుతుందనుకోవద్దు. విమానంతోనే మొదలవుతుంది. 2019 జూన్ 21న హవాయిలో జంపులకు తీసుకెళ్లే విమానం ఎగిరిన వెంటనే కూలి అందులోని 11 మందీ చనిపోయారు. 2015 జనవరి 7న న్యూజిలాండ్‌లోని తౌపో సరస్సు మీద ఇంకో విమానం ఇంజిన్ చెడిపోతే, లోపలున్న 13 మందీ ఉస్తాద్‌లతో, పైలట్‌తో సహా దూకి బతికారు. ఎక్కే ముందే ఖత్రాల గురించి చెప్పడం రూలుగా ఎందుకు పెట్టారో తౌపో చూస్తే తెలుస్తుంది. ఆ మాటలు చెప్పేటప్పుడు ఫోన్ చూసుకునేవాడు తన జాన్‌తోనే తమాషా చేస్తున్నాడు.

ఇక దస్తఖత్. ఎక్కడ దూకినా ముందు పేజీలకు పేజీలు కాగజ్‌లు ఇచ్చి సంతకం పెట్టమంటారు. చదవకుండా పెట్టేస్తారు మనవాళ్లు. ఆ కేంద్రంలో నిజం చెప్పే వస్తువు అదొక్కటే. గోడ మీది పోస్టర్ "జిందగీలో మరచిపోలేని అనుభవం" అంటుంది. ఆ కాగజ్ "నువ్వు చనిపోవచ్చు, మేం తప్పు చేసినా కేసు వేయనని ఒప్పుకో" అంటుంది. రెండూ ఒకే మనిషి రాసినవి. వకీలు సలహా మీద డబ్బు ఖర్చు పెట్టి రాయించిన దాన్ని నమ్మండి.

బీమా కూడా చదవండి. మన దేశంలో ఆరోగ్య బీమా పాలసీల్లో సాహస క్రీడలను మినహాయించే స్టాండర్డ్ క్లాజు ఉంది. అందులో స్కైడైవింగ్ పేరు ఉంది. అయితే ఆ క్లాజు వర్తించేది దాన్ని వృత్తిగా చేసేవాళ్లకు. కానీ ట్రావెల్ బీమా, యాక్సిడెంట్ బీమా, అమెరికాలో విద్యార్థులు తీసుకునే ప్లాన్లు ఒక్కొక్కటీ ఒక్కోలా రాస్తాయి. ఒక్క కాలు విరిగితే అక్కడ ఆస్పత్రి బిల్లు మీ ఊళ్లో ప్లాటు అమ్మించే బిల్లు. దూకేది మీరు, కట్టేది అబ్బాజాన్.

చివరిగా అమ్మీ అబ్బాలకు ఒక మాట. మీరు హుకుం వేస్తే పిల్లలు దూకడం మానరు, చెప్పడం మానేస్తారు. చోరీగా వెళ్లే పిల్ల సవాళ్లు అడగదు. చౌకగా దొరికే చోటు వెతుకుతుంది, ఆస్తమా దాస్తుంది, అత్యవసర నంబరు దగ్గర మీ నంబరు బదులు రూమ్మేట్ నంబరు రాస్తుంది. 18 ఏళ్లు దాటిన మనిషి తీసుకునే నిర్ణయం మీకు నచ్చకపోవచ్చు. నాకూ దూకాలన్న షౌక్ లేదు. కానీ పెద్దవాళ్లుగా మన హఖ్ ఫత్వాలు ఇవ్వడం కాదు, అడగడం. ఎక్కడ, ఎవరితో, ఏ రోజు, ఇన్సూరెన్స్ ఏది అని అడగండి. వాళ్లు జవాబు చెప్పలేకపోతే "తెలుసుకుని చెప్పు బేటా, అప్పటిదాకా ఆగు" అనండి. ఆ ఒక్క మాటకు పిల్లలు ఆగుతారు. "హరామ్ మౌత్" అంటే ఫోన్ కట్ చేస్తారు.

తఖ్దీర్ మీద యకీన్ ఉన్నవాళ్లం మనం. అయితే తద్బీర్ మన చేతుల్లో ఉన్నంతవరకు మన ఫర్జ్. సదఖా ఇచ్చి, దువా చేయించుకుని వెళ్లినా సరే, విమానం తలుపు దగ్గర నిలబడే ముందు ఒక్కసారి వెనక్కి తిరిగి "నాలుగు కొక్కీలూ పెట్టారా?" అని అడగండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ఉస్తాద్ వేలితో తాకి చెప్పేదాకా కదలకండి.